మా అత్త మట్టికిచ్చిన ముక్క

నా ఒంట్లోంచి కోసిన ముక్క నాకంటే ముందే ఇల్లు చేరింది. నేనింకా విశాఖపట్నంలో ఆస్పత్రి మంచం మీద, చంక కింద గొట్టం వేలాడుతుండగా, ఉప్పులేని గంజి తాగమంటున్న నర్సుతో తగువు పడుతున్నాను. అదేమో మా అత్త ఒళ్ళో దర్జాగా కూర్చుని, అనంతగిరి ఘాటు మలుపులన్నీ ఎక్కి, అరకు దాటి, మా ఇంటి వెనక పనసచెట్టు మొదట్లో మట్టిలోకి దిగిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆనాడు మాత్రం మా అత్త ఎదురుగా ఉంటే ఏమని ఉండేదాన్నో నాకే తెలీదు.

మాది అరకు నుంచి డుంబ్రిగుడ వైపు పోయే రోడ్డు దిగి, కాఫీతోటల మధ్యగా నడిస్తే వచ్చే చిన్న ఊరు. మేం కొండవాళ్ళం. నేను పక్క ఊరి బడిలో పంతులమ్మని. మా ఆయన తోట చూసుకుంటాడు. కాఫీ మొక్కలు, వాటికి నీడగా సిల్వర్ ఓకు చెట్లు, ఆ చెట్లకు పాకిన మిరియం తీగలు, మెట్టలో కాస్త చోడి, అంటే రాగులు, సామ. కూతురు పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలింది ముగ్గురం. మూడో మనిషి మా ఆయన తల్లి, అంటే మా అత్త.

మా అత్తకు మాట తక్కువ, పట్టు ఎక్కువ. అనుకున్నది చేసేస్తుంది, చేశాక మనం అడిగితే చెబుతుంది, అడక్కపోతే అదీ లేదు. నేను నోరున్నదాన్ని. మా ఇద్దరికీ పొత్తు ఎలా కుదిరిందని ఊళ్ళో వాళ్ళు ఆశ్చర్యపోతుంటారు. ఆమెకున్నది ఒకే ఒక్క షోకు, జుట్టు. తెల్లబడింది కానీ పలచబడలేదు. ఆముదం రాసి, చెవి వెనక వారగా పెద్ద కొప్పు కట్టి, దానికి వరసగా పిన్నులు గుచ్చి సంతకు బయల్దేరేది. "ముందు నీ కొప్పు ఎల్తాది, ఎనక నువ్వు ఎల్తావు" అని నేను ఆటపట్టిస్తే, కోపం లేకుండా కొప్పు మరోసారి సర్దుకునేది.

మా ఊళ్ళో ఒక కట్టు ఉంది. ఒంటినుంచి విడిపోయినది ఏదైనా సొంత మట్టిలోనే కలవాలి. బిడ్డ పుట్టినప్పటి మాయ, ఊడిన బొడ్డు, పిల్లల తొలి వెంట్రుకలు, ముసలాళ్ళ పళ్ళు, ఏవైనా సరే, ఎవరింటి వెనక వాళ్ళు పాతుకుంటారు. పరాయి చోట వదిలేస్తే మనిషి ధ్యాస అక్కడే తిరుగుతూ ఇంట్లో నిలకడ ఉండదని నమ్మకం. నా కూతురి బొడ్డు కూడా ఆ పనసచెట్టు కిందే ఉంది. నేను నాలుగు అక్షరాలు చదువుకున్నదాన్నే గానీ ఈ కట్టును ఎప్పుడూ కాదనలేదు. కాదనవలసిన అవసరం రాలేదు, అంతే.

గడ్డ సంగతి స్నానం చేస్తుంటే నా చేతికే తగిలింది. ఎడమ రొమ్ములో, గట్టిగా, రేగుపండంత. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. మా ఊరికి వచ్చే నర్సమ్మతో మాటవరసకి అంటే ఆమె కసురుకుంది. "నొప్పి లేదని సంబరపడతన్నావేటి అక్కా? నొప్పి లేనిదాన్నే ముందు సూపించాల." ఆమె ఆ రోజు అలా కసరకపోతే నేను కాఫీ పళ్ళు కోసే రోజులన్నీ అయ్యాక చూద్దాంలే అనుకునేదాన్ని. ఆమెకి నేను రుణపడి ఉన్నాను. ఇప్పటికీ కనిపించినప్పుడల్లా ఒక సంచెడు నారింజలు చేతిలో పెడతాను. ఆమె ఇప్పటికీ కసురుతూనే తీసుకుంటుంది.

విశాఖలో ముందు సూదితో ముక్క తీశారు. టపామని చప్పుడు చేసే సూది. అందులోంచి దారపు పోగంత ముక్కలు వచ్చాయి. ఆస్పత్రి చిన్నది. ఎదురుగా రోడ్డుకి అవతల ఒక ల్యాబు ఉంది. ముక్కలు అక్కడికే వెళతాయి, తీసుకెళ్ళేది పేషంటు తాలూకు మనుషులే. ల్యాబులో ఆ ముక్కని మైనంలో పోసి బిళ్ళలా చేసి, ఉల్లిపొరకంటే పలచగా కోసి, రంగులద్ది చూస్తారట. చూశారు. క్యాన్సరే అన్నారు.

ఆపరేషన్ చేసే డాక్టరమ్మ తెలివైన మనిషి, తొందర మనిషి. నేను నాన్చకుండా అడిగేశాను.

"నేను బతుకుతానా డాక్టరుగారూ?"

ఆవిడ కూడా నాన్చలేదు. "ఆ మాట ఇప్పుడు నేను చెప్పలేనమ్మా. మీ ముక్క చెప్పాలి. చంకలో గ్రంథుల్లోకి పాకిందా, దాని కణాల్లో ఏ ప్రొటీన్లు ఉన్నాయి, ఈ రెండూ తెలియాలి. అప్పుడు మళ్ళీ వచ్చే భయం ఎంతో, ఏ మందుకు లొంగుతుందో చెప్పగలను. రొమ్ము క్యాన్సర్ అని పేరు ఒకటే గానీ అందరిదీ ఒకటి కాదు."

మా బడిలో పిల్లలూ అంతేగా, అందరికీ ఒకే యూనిఫారం, బుద్ధులు మాత్రం ఎవడివి వాడివి. అయినా నాకు ఒళ్ళు మండింది. నా బతుకు సంగతి నన్ను కాకుండా ఒక ముక్కని అడగడమేమిటి అనిపించింది. ఆ ముక్కనైనా సరిగ్గా అడగనిస్తే కదా.

ఆపరేషన్ రోజున మా ఆయనకి పెద్ద చీటీ ఇచ్చి మందులు తెమ్మన్నారు. థియేటరు తలుపు దగ్గర మా అత్త ఒక్కత్తే కూర్చుంది. లోపల్నుంచి సిస్టరు వచ్చి, మందు నీళ్ళలో మునిగిన ముక్క ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఆమె చేతిలో పెట్టి, "మీ పేషంటుదే, జాగ్రత్తగా తీసుకెళ్ళండి" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఆ సిస్టరుని తప్పు పట్టలేను, ఎక్కడికో చెప్పాల్సిన పని లేదనుకుంది, రోజూ ఎవరో ఒకరు అదే ల్యాబుకి పట్టుకెళతారు. మా అత్తనీ తప్పు పట్టలేను. ఒంటినుంచి విడిపోయినదాన్ని చేతికిచ్చి జాగ్రత్తగా తీసుకెళ్ళమంటే మా ఊరి మనిషికి ఒక్క చోటే తెలుసు.

మా ఆయన మందులు తెచ్చేసరికి ఆమె లేచి నిలబడి ఉంది. "నాను ఇంటికెల్తాను. ఆవుంది, కోళ్ళున్నాయి" అంది. ఈయన తల్లిని ఆటోలో తీసుకెళ్ళి అరకు బస్సు ఎక్కించాడు. ఆమె చేతిలో గుడ్డసంచి ఉంది. అందులో ఏముందని అడగలేదు. ఆపరేషన్ ముక్కని మాత్రం ఆస్పత్రి వాళ్ళే పంపించి ఉంటారనుకున్నాడు. అంటే, నా ముక్కని బస్సు ఎక్కించినవాడు సాక్షాత్తూ నా మొగుడే. ఈ విషయం నేను ఆయనకి అవసరమైనప్పుడల్లా గుర్తు చేస్తుంటాను.

అదే బస్సులో ఉన్న మా ఊరి మనిషొకాయన తర్వాత చెప్పాడు. శృంగవరపుకోట దాటేసరికి బస్సంతా ఏదో ఘాటు వాసనట. కండక్టరు వచ్చి "ఏటమ్మా ఆ సంచిలో?" అని అడిగితే, మా అత్త సంచిని గుండెకి దగ్గరగా లాక్కుని "మా కోడలు" అందట. కండక్టరు ఇంకేమీ అడగలేదట. ఎవరు మాత్రం ఇంకేం అడుగుతారు.

మూడోనాడు డాక్టరమ్మ నా గొట్టం చూస్తూ అంది. "ల్యాబుకి ముక్క రాలేదంటున్నారేంటి? ఎవరు తీసుకెళ్ళారు?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. అప్పుడు ఆయనకి తల్లి చేతిలోని గుడ్డసంచి గుర్తొచ్చింది. ఫోను తీసి ఊరికి చేశాడు. మా ఊళ్ళో సిగ్నలు ఊరి చివర గుట్టెక్కితేనే వస్తుంది. పక్కింటివాళ్ళు మా అత్తను గుట్టెక్కించి ఫోను చేతికిచ్చేసరికి డాక్టరమ్మ రెండు వార్డులు తిరిగి వచ్చింది. మా ఆయన స్పీకరు పెట్టాడు.

"అమ్మా, ఆసుపత్రిలో నీ సేతికి డబ్బా ఏటైనా ఇచ్చినారా?"

"ఇచ్చినారు."

"ఏటి సేసినావు?"

"ఏటి సేత్తారు? తెచ్చి పనస సెట్టు కింద పెట్టీసినాను. దీపం కూడా ఎట్టినాను. గుంటకి బేగి నయమైపోద్ది."

గుంట అంటే మా వైపు చిన్నపిల్ల. నేను గుంటనట. అప్పటికి నా కూతురికే పెళ్ళయింది.

డాక్టరమ్మ ఫైలు మంచం మీద పడేసి కుర్చీలో కూర్చుంది. "పారేసుకున్నవాళ్ళని చూశాను. మర్చిపోయినవాళ్ళని చూశాను. పాతిపెట్టినవాళ్ళని ఇదే చూడడం" అంది. ఆవిడ కోపం నాకు అర్థమైంది. నా కోపం అంతకు రెండింతలుంది. చంకలో గ్రంథులన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి. అది పోతే జబ్బు ఎంతదూరం పాకిందో చెప్పేవాళ్ళు ఇక ఎవరూ లేరు. తక్కువ మందు ఇస్తే అది నన్ను తినేయొచ్చు, ఎక్కువ మందు ఇస్తే ఆ మందే నన్ను తినేయొచ్చు. ఇన్నాళ్ళూ నేను గట్టిగానే ఉన్నాను. ఆ నిమిషంలో మాత్రం భయపడ్డాను.

డాక్టరమ్మ ల్యాబుకి ఫోను చేసింది. అక్కడ ముక్కలు చూసే డాక్టరు కూడా ఆడమనిషే. ఆవిడ అడిగింది రెండే ప్రశ్నలు. ముక్క మందు నీళ్ళలోనే ఉందా, డబ్బాకి మూత ఉందా? అవి మళ్ళీ గుట్టమీదికి వెళ్ళాయి.

"మూత తీసినాను గానీ కళ్ళు మండిపోనాయి," అంది మా అత్త. "మళ్ళీ బిగించీసి డబ్బాతోటే పెట్టీసినాను."

ల్యాబు డాక్టరమ్మ వెంటనే తెప్పించమంది. అప్పుడొచ్చింది అసలు చిక్కు. మా అత్త ఇవ్వనంది.

"మట్టికిచ్చినది మళ్ళీ అడక్కూడదు. అడిగితే అది మనిసినే అడుగుతాది."

మా ఆయన బతిమాలాడు, కేకలేశాడు. లాభం లేదు. ఆమె మొండితనం కాదది, భయం. ముక్కను వెనక్కి తీసుకుంటే బదులుగా మట్టి నన్ను లాక్కుంటుందని ఆమె భయం. మా ఆయన ఫోను నాకిచ్చాడు. ఆమెను కడిగేద్దామని నోటినిండా మాటలు పెట్టుకుని ఫోను తీసుకున్నాను.

"అత్తా."

"ఏటే గుంటా, గంజి తాగినావా?"

నోట్లో మాటలన్నీ ఎటు పోయాయో తెలీదు. "గంజి సంగతి తరవాత. ఆ డబ్బా కావాల" అన్నాను.

ఆమె ఫోను చెవి మార్చుకున్నట్టుంది. గాలి చప్పుడు వినిపిస్తోంది.

"అది లేపోతే ఈళ్ళకి ఏ మందియ్యాలో తెలవదు. నాకు బతకాలనుంది అత్తా."

ఆ మాట అప్పటిదాకా నేను ఎవరితోనూ అనలేదు, మా ఆయనతో కూడా. అన్నాక ఏడుపొచ్చింది. ఫోను చెవికి అలాగే పెట్టుకుని ఏడ్చాను. మా అత్త అడ్డు రాలేదు. నా ఏడుపు కాస్త తగ్గాక, "సరే. ఆణ్ణి పంపు" అంది.

మా ఆయన దొరికిన బస్సు పట్టుకుని వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నకల్లా డబ్బాతో తిరిగొచ్చాడు. మూత చుట్టూ ఎర్రమట్టి. అక్కడ ఏం జరిగిందో అడిగాను. పార తాను పట్టుకోబోతే ఇవ్వలేదట. "నువ్వు ఆవుల సాల కాడ నిలబడు" అని తరిమేసిందట. ఆమే తవ్విందట, ఆమే తీసిందట, మట్టితో ఏదో మాట్లాడుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయిందట. డబ్బా చేతికిచ్చేటప్పటికి తలకి తువ్వాలు చుట్టుకుని ఉందట. మంచు పడుతోంది కదా అనుకున్నాడు.

ల్యాబు డాక్టరమ్మను నేను కలిసింది ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేసిన రోజున. చిన్న మనిషి, పెద్ద కళ్ళద్దాలు. ముందు నవ్వింది. "మీ అత్తగారు చల్లటి చోట పెట్టారమ్మా, మేలు చేశారు. గ్రంథులు చిన్నవి కదా, వాటికి మందు బాగానే పట్టింది. అన్నీ చూశాను. ఒక్కదాంట్లోకీ పాకలేదు."

నేను ఊపిరి వదిలేలోపే ఆవిడ చెయ్యెత్తింది. "ఉండండి, పూర్తిగా వినండి. ఇంత పెద్ద ముక్క లోపలికి మందు ఇంకాలంటే రాగానే మేం కోసి పెట్టాలి. ఆలస్యమైంది, నడిమి భాగం చెడిపోయింది. గడ్డ ఉన్నదేమో అక్కడే. దాంట్లో ప్రొటీన్లు చూస్తే అబద్ధం చెబుతాయి. ఉన్నవి కూడా లేనట్టే కనిపిస్తాయి."

"మరి?"

ఆవిడ ఒక సొరుగు తెరిచింది. నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ చట్రాలు, వాటిల్లో మైనం బిళ్ళలు. ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. తెల్లటి మైనం మధ్యలో సన్నటి గీతలా ఏదో ఉంది. "ఇది మీరు మొదట ఇచ్చిన సూది ముక్క. క్యాన్సర్ అని తేలాక ఇంకా కొయ్యకుండా మిగతాది దాచి ఉంచాను. మీ జవాబు ఇందులో ఉంటుంది."

దాచి ఉంచాను అని ఆవిడ ఎంత మామూలుగా అందో. విత్తనాలకని నాలుగు గింజలు పక్కన పెట్టడం ఎరిగిన ఇంట్లో పుట్టినదాన్ని, ఆ పని విలువ నాకు తెలుసు. ఎవరో ముక్కూ ముఖం తెలియని కొండ మనిషి ముక్కని కూడా అలా పొదుపుగా కోసిన ఆవిడ చేతులకి నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత పైకి కూడా పెట్టాను. ఆవిడ సిగ్గుపడింది.

ఆ పరీక్ష అయ్యేదాకా విశాఖలో మా చిన్నమ్మ ఇంట్లో ఉన్నాం. ఫలితం వచ్చిన రోజున ల్యాబు డాక్టరమ్మ నన్ను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టింది. పంతులమ్మని కదా, చూస్తానంటే కాదనలేకపోయింది. కన్ను ఆనించాను. ముందు నా రెప్పలే కనిపించాయి. తర్వాత చుక్కలు. నీలం చుక్కలు కొన్ని, మిగతావన్నీ మా కాఫీ డికాక్షన్ రంగులో.

"ఈ కాఫీ రంగు వచ్చినచోట ఈస్ట్రోజన్ రిసెప్టర్ అనే ప్రొటీన్ ఉన్నట్టు," అంది ఆవిడ. "మీ ఒంట్లో ఊరే ఆడ హార్మోన్‌ని పట్టుకునేది అదే. అంటే మీ గడ్డ ఆ హార్మోన్ తిని పెరిగింది. మాత్రతో ఆ తిండి అందకుండా చెయ్యొచ్చు."

గాజుపలక మార్చింది. ఈసారి అంతా నీలమే. హెర్ టూ అనే ప్రొటీన్ కోసం చూసిందట. అది ఎక్కువుంటే గడ్డకి దూకుడెక్కువ, దానికి వేరే మందులున్నాయి, నాకు మాత్రం అది లేదు. ఇంకోటి మార్చింది. అక్కడొకటి ఇక్కడొకటి కాఫీ చుక్కలు. "ఇది కి-67. ఇప్పుడు రెండుగా చీలే పనిలో ఉన్న కణాలకే ఈ రంగు పడుతుంది. మీకు తక్కువే ఉన్నాయి. నెమ్మది గడ్డ."

మా అత్త విత్తనానికి ముందు చోళ్ళు తడిగుడ్డలో మూటకట్టి, ఎన్ని మొలకెత్తాయో విప్పి చూస్తుంది. అలాంటిదే ఇది, కాకపోతే ఇక్కడ మొలకలు తక్కువైతే మనకి పండగ. ఆ మాటే అంటే డాక్టరమ్మ నవ్వింది. నవ్వుతూనే జాగ్రత్త చెప్పింది. "ఇది జాతకం కాదమ్మా. ఇలాంటి గడ్డలున్న చాలామందికి ఏం జరిగిందో చూసి వేసే అంచనా. కానీ మీది మంచి అంచనా."

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ రెండు రిపోర్టులూ చూసి, కీమో అక్కర్లేదు, రోజుకో మాత్ర చాలు, ఏళ్ళ తరబడి మానకుండా వేసుకోవాలి అంది. మేం బయటికొచ్చి టీకొట్టు దగ్గర నిలబడ్డాం. మా ఆయన రెండు టీలు చెప్పి, నా గ్లాసు నాకు ఇవ్వడం మర్చిపోయి రెండూ తాగేశాడు. ఆయన కళ్ళనిండా నీళ్ళు. నేను ఇంకో టీ చెప్పుకున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి మా అత్త గుమ్మంలో ఉంది. ఆమెను చూసి మొదట గుర్తుపట్టలేదు. తల బోడిగుండుకి కాస్త ఇవతల. కొప్పు లేదు, పిన్నులు లేవు. కొడవలితో ఎగుడుదిగుడుగా కత్తిరించినట్టుంది.

"ఏటిది? సంతలో కొప్పు అమ్మీసినావేటి?"

"పేలు పట్టినాయి," అంది.

నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, ఏడిపించాను. గొర్రెకి బొచ్చు తీసినట్టుందన్నాను. నీకంటే మన ఆవు తోకే నయం అన్నాను. ఆమె అన్నీ విని, "నువ్వు నవ్వుతన్నావు, అది సాలు" అని పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

ముక్క ఏం చెప్పిందో ఆమెకి చెప్పాను. ప్రొటీన్ల గురించి, హార్మోన్ గురించి, బడిలో చెప్పినట్టు మొదట్నుంచీ. మొత్తం విని, "అయితే అది ఏటి తింటాదో తెలిసిపోనాది. ఆకలికి సంపీమను" అంది. నేను అరగంట చెప్పినదాన్ని ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. అయితే మొదటి మాత్ర మాత్రం నన్ను మింగనివ్వలేదు. మా దగ్గర కొత్త ధాన్యమైనా, కొత్త మామిడైనా దేవతకి పెట్టి, కొత్త పండగ చేశాకే నోట పెట్టుకుంటాం. మందుకీ కొత్త చెయ్యాలంది. ఒక మాత్ర ఆకులో పెట్టి, దీపం పెట్టి, దణ్ణం పెట్టాకే రెండోది నా చేతిలో వేసింది. డాక్టరమ్మ మాత్ర మానొద్దంది గానీ దేవతకి పెట్టొద్దనలేదు కదా.

ఆ మాత్రతో వచ్చిన తంటా ఒకటే, ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగలు. డిసెంబరులో టూరిస్టులు మంకీ టోపీలు పెట్టుకుని వలిసెపూల మధ్య వణుకుతూ ఫొటోలు దిగుతుంటే, నేను శాలువా తీసేసి విసనకర్రతో విసురుకుంటూ బడికి వెళతాను. చూసినవాళ్ళు నాకేదో పట్టిందనుకుంటారు. పట్టింది నిజమే, బతుకు పట్టింది. కాఫీచెట్లు తెల్లగా పూసే రోజుల్లో తోటలోకి వెళ్ళి ఊరికే నిలబడతాను. ఆ వాసన ఇంకోసారి పీల్చుకున్నందుకు ఎవరికి చెప్పుకోవాలో తెలియక, కసిరిన నర్సమ్మ నుంచి మొదలుపెట్టి అందరినీ తలుచుకుంటాను.

ఇలా మూడో ఏడు నడుస్తుండగా, మొన్న చెకప్పుకి వెళ్ళినప్పుడు ల్యాబు వాళ్ళు వేరే చోటికి మారుతున్నారని తెలిసింది. పాత మైనం బిళ్ళలు కావలసినవాళ్ళకి ఇచ్చేస్తున్నారు. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ తీసుకోమంది. "భద్రంగా దాచండి. ఎప్పుడైనా తిరగబెట్టినా, కొత్త మందు ఏదైనా వచ్చినా దీన్నే మళ్ళీ అడగాలి."

తీసుకున్నాను. ఘాటు ఎక్కుతున్నంతసేపూ నాకు ఒకటే దిగులు. మట్టి దగ్గర వెనక్కి తీసుకున్నదాన్ని తిరిగి ఇస్తానని మా అత్త ఆ రోజు మొక్కుకునే ఉంటుంది. ఆమె మాట తప్పే మనిషి కాదు. ఆ పెద్ద ముక్కని ల్యాబువాళ్ళు ఎప్పుడో తీసేశారు, ఇవ్వడానికి మిగిలింది ఈ సూది ముక్క బిళ్ళే. ఇది పాతేస్తానంటే నేనేం చెయ్యాలి? వద్దంటే ఆమె భయం అలాగే ఉండిపోతుంది. సరేనంటే రేపు అవసరం పడితే నాకు జవాబు చెప్పేది ఏదీ ఉండదు. ఏదైతే అదవుతుందని ఇంటికి వెళ్ళగానే బిళ్ళ తీసి ఆమె చేతిలోనే పెట్టాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను.

ఆమె దాన్ని వెలుగులోకి పట్టుకుని చూసింది. "ఇదేనా నువ్వు?"

"నానే. ఇంత ముక్క."

"దీంతో ఇంకా పనుంటాదా?"

"ఉండొచ్చు. లేపోవచ్చు. ఉంటే మాత్రం ఇదే కావాల."

"అయితే ఉంచు." లేచి విత్తనాలు దాచే ఎండు ఆనపబుర్ర తెచ్చింది. నేను గాభరాపడి, వేడి తగిలితే మైనం కరిగిపోతుందన్నాను. "ఇత్తనాలు పొయ్యి మీద ఎవులు పెడతారే?" అని కసిరి, బిళ్ళని గుడ్డలో చుట్టి చోడి విత్తనాల మధ్య దోపింది.

నాకు ఉండబట్టలేదు. "మరి మట్టికి? తిరిగిత్తానని సెప్పలేదేటి?"

"ఆ రోజే ఇచ్చీసినాను. ఒంట్లోది తీసుకుంటే ఒంట్లోదే ఇయ్యాల కదా."

"ఏటిచ్చినావు?"

ఆమె బుర్రకి మూత బిగిస్తోంది. బిగించాక అలవాటుగా చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది, కొప్పు సర్దుకోవడానికి. అక్కడ సర్దుకోవడానికి ఏమీ లేదు. అప్పుడు నాకు అర్థమైంది. తువ్వాలు, ఎగుడుదిగుడు కత్తిరింపు, పేలు, అన్నీ అర్థమయ్యాయి. మట్టి నన్ను అడగకుండా, ఆమె తనకున్న ఒక్క షోకునీ కొడవలితో కోసి ఆ గోతిలో పెట్టింది. నేనేమో ఇంటికొచ్చి ఆవు తోకతో పోల్చాను.

మైనంలోని ముక్క నేను ఎలా బతకొచ్చో చెప్పింది. ఆ మేలు నేను మర్చిపోను. నన్ను బతికించుకోవాలని ఎవరికెంత ఉందో మాత్రం అది చెప్పలేదు, చెప్పడం దానివల్ల కాదు. మా అత్తను పట్టుకుని ఏడవాలనిపించింది. ఆమెకి అలాంటివి నచ్చవు.

ఆముదం సీసా, దువ్వెన తెచ్చి ఆమెను పనసచెట్టు కింద కూర్చోబెట్టాను. ముసలి జుట్టు, మెల్లగా పెరుగుతోంది, భుజాలకి అందీ అందనట్టు ఉంది. నూనె రాసి, చిక్కు తీసి, వచ్చినంత జుట్టునీ చెవి వెనక వారగా చుట్టాను. నిమ్మకాయంత కొప్పు అయింది. పిన్నులు వరసగా గుచ్చాను. ఆమె చెయ్యి వెనక్కి పెట్టి తడిమి చూసుకుంది.

"సిన్నదే అయిందా?" అంది.

"సాలా పెద్దది," అన్నాను.